ఎంక్వైరీకి వచ్చిన మనిషి

మా ఊళ్ళో ఓ కొత్త మనిషి మోటారుసైకిలు ఆపి, "ఫలానా అమ్మాయి ఉండేది ఈ వీధిలోనేనాండీ?" అని అడిగాడంటే దానికి ఒకటే అర్థం. సంబంధం ఎంక్వైరీ. ఇంకో అర్థం ఉండొచ్చని మావాళ్ళకి తట్టదు. తట్టకపోవడంలో వాళ్ళ తప్పు కూడా లేదు. మాది మురమళ్ళ. వీరేశ్వరస్వామి గుళ్ళో రోజూ కళ్యాణం జరుగుతుంది. పెళ్ళి కుదరనివాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి చేయించుకుని వెళ్తారు. పొద్దున్న లేస్తే బస్సు దిగే కొత్త మొహాల్లో సగానికి సగం పెళ్ళి ధ్యాసలోనే ఉంటాయి. అలాంటి ఊరికి, నా వీసా దరఖాస్తులో రాసినవన్నీ నిజమో కాదో చూసి రమ్మని ఒక ఏజెన్సీవాళ్ళు తమ మనిషిని పంపించారు. ఆయన వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. కొంప మునగడానికి ఆ మాత్రం చాలు.

నా ఉద్యోగం కంప్యూటర్ మీద. పళ్ళ డాక్టర్ల క్లినిక్కులకి అపాయింట్‌మెంట్లు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక విదేశీ కంపెనీకి పనిచేస్తాను. క్లినిక్కుల్లో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా మెయిల్ పెడతారు, నేను జవాబు రాస్తాను. మా వీధి లెక్కలో మాత్రం నేను కంప్యూటర్లో పళ్ళు చూసే మనిషిని. దవడ వాచినవాళ్ళని సరాసరి మేడ మీదికి పంపించేస్తారు. లవంగనూనె అద్దుకుని అమలాపురం వెళ్ళి డాక్టరుకి చూపించుకోమంటాను. ఆ మాత్రానికే "ఎంత బాగా చూసిందండీ" అని కిందికి వెళ్ళి చెప్పుకుంటారు.

నేనుండేది పిన్నిగారి మేడ మీద వాటాలో. పిన్నిగారంటే నాకు చుట్టం కాదు, ఇంటావిడ. మా అమ్మ చిన్నప్పుడు కొన్నాళ్ళు ఈ ఊళ్ళో చదువుకుందన్న ఒక్క ముక్క తప్ప ఈ ఊరితో నాకు ఏ బంధుత్వమూ లేదు. విడాకులయ్యాక, నన్నెవరూ ఎరగని చోటు కావాలని వెతుక్కుని ఇక్కడికి వచ్చాను. పదేళ్ళు దాటింది. ఎరగని చోటు అనుకున్నది ఆర్నెల్లలో అందరూ ఎరిగిన చోటయింది.

మా వీధివాళ్ళు చెడ్డవాళ్ళయితే ఈ కథే లేదు. ఈ పదేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు నా పెళ్ళి గురించి అడగలేదు. అడగకపోవడం ఎంత పెద్ద పనో చూస్తేగానీ తెలియదు. ఏ ఇంట శుభకార్యమైనా ముత్తైదువులకి తాంబూలాలిచ్చే వేళకి పిన్నిగారు ఎక్కణ్ణుంచో ఊడిపడి, "వంటింట్లో కాఫీలు పొంగిపోతున్నాయేమో చూడమ్మా" అని నన్ను లోపలికి పంపేస్తారు. ఎవరైనా కొత్త ఆవిడ "మీవారేం చేస్తారండీ?" అని మొదలెడితే, పక్కింటి బాబాయిగారు వెంటనే రొయ్యల ధర ఎత్తుకుంటారు. ఆయనకి ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువులున్నాయి, ఆ కబుర్లకి కరువు లేదు. చివరికి టీవీ సీరియల్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటే, నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఛానెల్ మారిపోతుంది.

ఇంత పదిలంగా చూసుకుంటే మనిషికి ఊపిరాడదు. నాకు జాలి అంటే ఒళ్ళుమంట. పైగా ఆ జాలి నాకు చెందాల్సింది కూడా కాదు. వాళ్ళ దృష్టిలో నేను మొగుడు వదిలేసిన పిల్లని. అలా కాదని, కోర్టు మెట్లెక్కింది నేనేనని, వద్దనుకున్నది నేనేనని నేను ఎవరికీ చెప్పలేదు. అడగనివాళ్ళకి ఏమని చెప్పను? చెప్పబోతే ఛానెల్ మార్చేస్తారు.

అందుకే నాతో పనిచేసే ఒకావిడ ఈ వీసా సంగతి చెప్పినప్పుడు నాకు వెంటనే ఆశ పుట్టింది. ఆ దేశం పేరు రాయను. మా వీధిలో అది ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా నోరు తిరగదు. ఉద్యోగం మనదే, జీతం మన కంపెనీదే, మనిషి మాత్రం అక్కడ ఓ ఏడాది ఉండి, అక్కణ్ణుంచే పని చేసుకోవచ్చు. దరఖాస్తు తెరిస్తే పెళ్ళికి సంబంధించిన ప్రశ్న ఒకటుంది. అవివాహిత, వివాహిత, విడాకులు, భర్త మరణించిన స్త్రీ. అన్నీ ఒకటే సైజు అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి. ఏ మాట దగ్గరా గొంతు తగ్గలేదు. నా దానికి ఎదురుగా ఉన్న గడి నొక్కితే తర్వాతి ప్రశ్న వచ్చింది, మీ ఎత్తు ఎంత అని. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. విడాకుల తర్వాత మనిషి ఎత్తు అడిగే దేశంలో ఒక్క ఏడాది బతకాలనిపించింది.

వీధిలో ఎవరికీ చెప్పలేదు. వీసా వచ్చాక చెబుదామనుకున్నాను. రాకపోతే అయ్యో అనడానికి వాళ్ళకి ఇంకో సందర్భం ఇవ్వడం ఎందుకు? కంపెనీవాళ్ళు కూడా ఈ ఏడాదికైతేనే సరే, ఆ తర్వాత సంగతి చెప్పలేమన్నారు. కాబట్టి వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే లేదు. కాగితాలన్నీ ఒక్కొక్కటీ పోగుచేసుకుంటూ వచ్చాను. చివరికి కోర్టు తీర్పు కాపీ మిగిలింది. మా పాత లాయరు కొరియర్లో పంపిన ఆ కాపీ తెచ్చుకోడానికి అమలాపురం వెళ్ళిన రోజే ఆ ఏజెన్సీ మనిషి మా వీధిలో మోటారుసైకిలు ఆపాడు.

సాయంత్రం ఆటో దిగేసరికి పిన్నిగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇల్లంతా బూరెల వాసన. గోడ మీద బాబాయిగారి స్టీలు క్యారేజీ ఉంది, నిండా రొయ్యలు. పండగా కాదు, పబ్బమూ కాదు.

"ఏంటండీ విశేషం?" అన్నాను.

"ముందు కాళ్ళు కడుక్కు రామ్మా, చెప్తాను," అన్నారు పిన్నిగారు. నేను పంపు దగ్గరికి వెళ్ళకముందే చెప్పేశారు. "ఎవరో వచ్చేరమ్మా. నీ గురించి అడిగేరు. మంచి మర్యాదస్తుడు. మజ్జిగిస్తే గ్లాసు కడిగి మరీ ఇచ్చేడు. ఇల్లూ గేటూ ఫోటో తీసుకున్నాడు, అటువైపు పెద్దోళ్ళకి చూపించడానికి కాబోలు."

నా చేతిలో కోర్టు కాగితాల కవరుంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "ఏమడిగారండీ?"

"ఏవుంటాయమ్మా, ఎక్కడైనా అవే కదా. ఎప్పట్నుంచి ఉంటున్నారు, ఏం చేస్తున్నారు, పెళ్ళయిందా."

"మీరేం చెప్పారు?"

"చెప్పాల్సిందే చెప్పేను. పెళ్ళవలేదండీ, ముప్పై మూడేళ్ళండీ అన్నాను." కొంచెం ఆగి, "ముప్పై మూడంటే మరీ ఎక్కువ చెప్పేసేనేమో?" అన్నారు. నాకు నలభై దాటాయని ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

గోడవతల నుంచి బాబాయిగారి తల లేచింది. "ఉద్యోగం సంగతి నేను చూసుకున్నానమ్మా. ఆయ్. ఏదో సరదాకి చేస్తుందండీ, పెళ్ళయిన మర్నాడే మానేస్తుందండీ అన్నాను. ఈమధ్య మగపెళ్ళివారు దానికే జంకుతున్నారు. ఊరు వదిలి వెళ్తారాండీ అనడిగేడు. ఇల్లు కదలదండీ, ఆవిడకి దూరాబారాలు పడవండీ అని చెప్పేను."

ఎదురింటి టీచరుగారు కూడా గుమ్మంలోకి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు, ఆదివారం చర్చి తప్పరు, ప్రాణం పోయినా అబద్ధమాడరు. ఆవిణ్ణి చూడగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"నేను మాత్రం ఉన్నదే చెప్పానమ్మా," అన్నారు టీచరుగారు. "పెళ్ళయిందా అనడిగేరు. భర్త లేరండి అన్నాను. ఉన్నమాటే కదా."

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. పిన్నిగారు సిగ్గు అనుకున్నారు. బూరె ఒకటి తెచ్చి నా నోట్లో పెట్టారు.

వారం తిరక్కుండా మెయిల్ వచ్చింది. దరఖాస్తుదారు తనకు విడాకులయినట్టు రాశారు. ఒక పొరుగువారు ఈమె అవివాహిత అన్నారు. మరొకరు భర్త మరణించినట్టు చెప్పారు. వయసు సరిపోలేదు. ఉద్యోగం త్వరలో మానేస్తారని, దూరప్రయాణాలు చేయలేరని తెలిసింది. వీటికి వివరణ ఇవ్వండి. మళ్ళీ విచారణ చేయిస్తాం, అప్పుడూ పొంతన కుదరకపోతే దరఖాస్తు తిరస్కరిస్తాం. చదువుతుంటే నాకే అనుమానం వచ్చింది, ఇంతకీ నేనెవరినని.

కోపం నషాళానికంటింది. ఫోను పట్టుకుని కిందికి దిగాను. ముగ్గుర్నీ పిన్నిగారి వసారాలో కూర్చోబెట్టి ఆ మెయిల్ ముక్క ముక్కా తెలుగులో చదివి వినిపించాను. వచ్చింది పెళ్ళివారు కాదని, వీసావాళ్ళని, నేను ఏడాదిపాటు వెళ్ళిపోదామనుకుంటున్నానని అప్పుడే చెప్పాను. మెల్లిగా చెప్పలేదు.

"నన్ను కాపాడమని మిమ్మల్నెవరడిగారండీ?" అన్నాను. "విడాకులయ్యాయని ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా?"

పిన్నిగారు కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఆ మాట నా నోటెంట ఎలా వస్తుందమ్మా," అన్నారు.

"నాకొచ్చింది కదండీ. జడ్జిగారి ముందు చెప్పాను. దరఖాస్తులో రాశాను. మీరే దాన్ని పాతగుడ్డలో చుట్టి అటకెక్కించారు. పదేళ్ళనుంచి దాన్ని దింపకుండా కాపలా కాస్తున్నారు. అది నా సామానండీ, నా సామాను మీరు దాచడమేంటి?"

పిన్నిగారు నావైపు చూడలేదు. బాబాయిగారు మాత్రం చాలా నెమ్మదిగా, "అయితే సంబంధం కాదా అమ్మా?" అన్నారు.

ఆ అడగడంతో నా కోపం సగం చచ్చింది. ఆ ముఖంలో దిగులు వీసా గురించి కాదు. ఈ పదేళ్ళూ వాళ్ళు ఎవరో ఒకరు వచ్చి నా గురించి అడుగుతారని కనిపెట్టుకుని ఉన్నారన్నమాట. అడిగితే ఎవరు ఏం చెప్పాలో, ఎవరు వయసు చూసుకోవాలో, ఎవరు ఉద్యోగం చూసుకోవాలో ముందే అనుకుని పెట్టుకున్నారు. అడిగేవాడు రానే వచ్చాడు. వాళ్ళు దాచిపెట్టుకున్న మంచిమాటలన్నీ ఒక్కపూటలో ఖర్చుపెట్టేశారు. ఏడుపొస్తే వీళ్ళు ఛానెల్ మార్చేస్తారని భయమేసి టీచరుగారి మీద పడ్డాను.

"మీరైతే ఆయన్ని ఏకంగా చంపేశారు టీచరుగారూ."

"లేరంటే ఇక్కడ లేరని కదమ్మా నా ఉద్దేశం," అన్నారావిడ కంగారుగా. "ఆ దేవుడు నన్ను క్షమించాలి. ఆయన బాగానే ఉన్నారా?"

"నిక్షేపంలా ఉన్నాడండీ. మళ్ళీ పెళ్ళి కూడా చేసుకున్నాడు."

"పోన్లే, మంచిది," అన్నారు టీచరుగారు గుండె మీద చెయ్యి వేసుకుని. ఎవరికి మంచిదో ఆలోచించకుండా అన్నందుకు నాకు నవ్వొచ్చింది. నేను నవ్వాక వాళ్ళూ నవ్వారు. పిన్నిగారు మాత్రం నవ్వలేదు.

వివరణ రాయడానికి టీచరుగారు సాయం కూర్చున్నారు. మా ప్రాంతంలో కొత్తవారు ఒక స్త్రీ గురించి ఇరుగుపొరుగును వాకబు చేస్తే పెళ్ళి సంబంధం కోసమని అనుకుంటారని, అందుకని నా పొరుగువారు వయసు తగ్గించి ఉద్యోగం మాన్పించారని, పాత భర్త క్షేమంగానే ఉన్నారని ఇంగ్లీషులో రాశాం. టీచరుగారు "అభిమానం కొద్దీ" అని ఒక మాట చేర్చారు. నేను కొట్టేశాను. ఆవిడ మళ్ళీ చేర్చారు. చివరికి అది అలాగే వెళ్ళింది.

మళ్ళీ ఆ మనిషే వచ్చారు. ఈసారి ముందే ఫోను చేశారు. కాకినాడ నుంచి అంతదూరం ఎండలో వచ్చినా విసుక్కోలేదు. నేను అన్నీ చెబుతానని ముందుకి వెళ్ళబోతే తల అడ్డంగా ఊపారు.

"మీరు చెప్పకూడదండి. ఎవరు చెప్పింది వాళ్ళే మార్చి చెప్పాలి. మీరు పక్కన కూడా ఉండకూడదండి."

నేను మేడమెట్ల మీద, మలుపు దాటి కూర్చున్నాను. మనుషులు కనబడరు, మాటలు వినబడతాయి.

ముందు బాబాయిగారి వంతు. "పొద్దస్తమానం పనేనండి. కరెంటు పోతే ఇన్వర్టరు మీద కూడా చేస్తుందండి. మానదండి. రేపు పెళ్ళయినా మానదండి."

"పెళ్ళి సంగతి వదిలేయండి సార్," అన్నారాయన.

"ఆయ్. వదిలేసేనండి. దూరాబారాలంటారా, ఎంతదూరమైనా వెళ్తుందండి."

తర్వాత టీచరుగారు. ఆవిడ ఇంగ్లీషులోనే చెప్పారు, పాఠం చెప్పినట్టు ఆగి ఆగి. ఆయన రాసుకోగానే చదివించుకుని మరీ విన్నారు. భర్త సజీవుడని రెండుసార్లు చెప్పారు.

"అమ్మా, మీరు పెళ్ళి కాలేదన్నారు. వయసు కూడా తేడా వచ్చింది," అన్నారాయన.

పిన్నిగారు కుర్చీ జరుపుకున్న చప్పుడు వినబడింది. నాకు లేచి వెళ్ళిపోయి, పోనీండీ, వీసా వద్దు, ఏమీ వద్దు, ఆవిణ్ణి అడగకండి అని చెబుదామనిపించింది. నిజంగానే లేచాను. ఒక మెట్టు దిగాను కూడా.

"నలభై దాటేయండి," అన్నారు పిన్నిగారు. "పెళ్ళయిందండి. విడాకులు తీసుకుందండి."

ఆవిడ గొంతులో ఆ మాట ఎప్పుడూ వినలేదు. తడబడలేదు, తగ్గించలేదు. ఫోనులో ఏదో నొక్కుతున్న టిక్కుటిక్కుల మధ్య ఆయన, "విడాకులయ్యాయి. అంతేకదమ్మా," అన్నారు.

"అయ్యాయి అని కాదు బాబూ. తీసుకుంది అని రాయండి."

"రెంటికీ ఒకటే గడండి."

"అలాగంటే ఎలాగండి. అతనిచ్చేడనుకుంటారు కదా అక్కడోళ్ళు. అతనివ్వలేదండి. అతను వదల్లేదండి. ఈవిడే వద్దనుకుని, కోర్టుకెళ్ళి తీసుకుని వచ్చింది. గడి లేకపోతే పక్కన రాయండి."

"రాశానండి," అన్నారాయన. రాశారో లేదో నాకు తెలియదు. నేను మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. వదిలేసిన పిల్లనని వీధంతా అనుకుంటోందని నేను పదేళ్ళు ఒంటికాలి మీద లేచాను. కిందింట్లోనే ఉన్న మనిషికి అలా కాదని మొదటినుంచీ తెలుసన్న సంగతి నాకు తెలియలేదు.

ఆయన వెళ్ళిపోయాక కిందికి దిగాను. "మీకెవరు చెప్పారండీ?" అని అడిగాను.

"ఒకరు చెప్పాలా ఏంటమ్మా?" అన్నారు పిన్నిగారు. ఆయన తాగిన మజ్జిగ గ్లాసు తీస్తున్నారు. "నువ్వు దిగిన రోజు సాయంత్రం పడుకున్నదానివి మర్నాడు మధ్యాహ్నందాకా లేవలేదు. నాకు భయమేసి తలుపు దగ్గరకొచ్చి విన్నాను. గురకపెట్టి నిద్దరోతున్నావు. ఎవరో వదిలేసిన మనిషి అలా పడుకోదమ్మా. ఎక్కణ్ణుంచో బయటపడ్డ మనిషే అలా పడుకుంటుంది."

"మరి తెలిసీ ఎందుకు దాచారు?"

"నాకు తెలుసు. తాంబూలం పళ్ళెం పట్టుకుని తిరిగే వాళ్ళందరికీ తెలీదు కదా. నిన్నెవరైనా ఒక మాటంటే నేను పడలేనమ్మా." అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి అక్కడ ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. గోడవతల బాబాయిగారు రేడియో పెట్టేశారు, అలవాటు పోదు కదా.

వీసా వచ్చింది. వయసు, ఉద్యోగం, అన్నీ సరిపోయాయట. బయల్దేరే రోజు వీధంతా గేటు దగ్గరికి వచ్చింది. బాబాయిగారు విమానంలో రానివ్వరని ఎంత చెప్పినా వినకుండా ఎండురొయ్యల పొట్లం బ్యాగులో కుక్కారు. టీచరుగారు ప్రార్థన చేశారు. ఆటో వచ్చి ఆగాక పిన్నిగారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు.

"అక్కడ కూడా అడుగుతారామ్మా, ఆ ముక్క?"

"ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు అడుగుతారేమోనండీ."

"అడిగితే ఏమని చెప్తావు?"

"తీసుకున్నానని చెప్తానండీ."

"ఆయ్," అన్నారు పిన్నిగారు. నా బ్యాగు ఆవిడే ఎత్తి ఆటోలో పెట్టి, నెమ్మదిగా తీసుకెళ్ళండని డ్రైవరుతో చెప్పారు.